జెర్సీ, దేశవాళీ వేరే జాతులైతే మా లచ్చి ఎలా ఈనింది?

పలమనేరు_పాడి:

అందరికీ నమస్కారం. మాది పలమనేరు పక్కన పల్లె. నాలుగు ఆవులున్నాయి, పాలకేంద్రానికి పాలు పోస్తాం. మా పాప తిరుపతిలో హాస్టల్లో ఉండి ఇంటర్ బైపీసీ చదువుతోంది. పోయిన శనివారం ఇంటికొచ్చింది. ఆ రాత్రి రెండు గంటలప్పుడు మా లచ్చి ఈనింది. పాపే టార్చి పట్టుకుంది. ఎర్ర పెయ్య. తల్లి నుదుటి మీదున్న తెల్ల చుక్క దానికీ వచ్చింది. అది లేచి నిలబడే దాకా ఇద్దరం కొట్టంలోనే కూర్చున్నాం.

అప్పుడు పాప ఒక ప్రశ్న అడిగింది. వారం నుంచి అదే నా తలలో తిరుగుతోంది.

ముందు లచ్చి సంగతి చెప్పాలి. నా పెళ్ళికి మా నాయన ఒక పుంగనూరు ఆవునిచ్చాడు. నా నడుం దాకా కూడా రాదు, తెల్లటిది, చాలా సాధువు. పాలు ఎక్కువ కావాలని దానికి జెర్సీ సూది, అంటే జెర్సీ ఎద్దు వీర్యం సూది, వేయించాం. ఆ కాన్పు బాగా కష్టమైంది, ఇద్దరు పట్టి లాగితే గాని దూడ బయటికి రాలేదు. ఆ దూడే లచ్చి. లచ్చికీ జెర్సీ సూదే వేయిస్తున్నాం. ఇది దానికి మూడో ఈత. ఒక్కసారి కూడా కట్టకుండా పోలేదు.

పాప పుస్తకంలో ఇలా ఉందట. తమలో తాము కలిసి, మళ్ళీ పిల్లల్ని కనగలిగే సంతానాన్ని ఇచ్చే జీవులన్నీ ఒకే జాతి. గుర్రం, గాడిద కలిస్తే కంచర గాడిద పుడుతుంది గానీ దానికి పిల్లలు పుట్టవు, కాబట్టి గుర్రం, గాడిద వేరే జాతులు. ఇంతవరకూ నాకూ అర్థమైంది. తర్వాత పాప ఫోన్‌లో చూపించింది. జెర్సీ ఆవు శాస్త్రీయ నామం బాస్ టారస్, మన దేశవాళీ ఆవు బాస్ ఇండికస్. "రెండు పేర్లంటే రెండు జాతులే కదమ్మా, మరి లచ్చి ఎలా ఈనింది?" అని అడిగింది. క్లాసులో అడిగితే పరీక్షకు అది రాదులే అన్నారట.

నేను పదో తరగతితో ఆపేశాను. కానీ ఆరేళ్ళప్పటి నుంచి ఆవులతోనే ఉన్నాను. ఏది ఎదకొచ్చింది, ఏది చూడి కట్టింది అన్నది దాని నడక చూసి చెబుతాను. ఈ ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పలేకపోయాను.

నాది ఇంకో సందేహం కూడా. ఒక జాతి నుంచి ఇంకో జాతి పుట్టిందంటారు. నా జన్మలో ఆవు కడుపున ఆవే పుట్టడం చూశాను. తల్లి ఒక జాతి, బిడ్డ ఇంకో జాతి అయ్యే రోజు అసలెప్పుడు వస్తుంది? తెలిసినవాళ్ళు కాస్త ఓపిగ్గా చెప్పండి, పాపకు చెప్పాలి.

కుప్పం_రైతు:

అక్కా, ఇందులో చిక్కేముంది. పుంగనూరు ఒక జాతి, ఒంగోలు ఒక జాతి, జెర్సీ ఒక జాతి. సంతలో ఎవరినడిగినా ఇదే చెబుతారు. వేరే జాతులైనా కలుస్తాయి, మన కళ్ళ ముందే కలుస్తున్నాయి. పుస్తకమే తప్పు రాసుంటుంది.

పశువైద్యుడు_చిత్తూరు:

కుప్పం అన్న చెప్పింది సంత భాషలో నిజమే. చిక్కంతా జాతి అనే మాటలోనే ఉంది. మనం పుంగనూరు జాతి, ఒంగోలు జాతి అంటాం. అవి బ్రీడ్‌లు, మనుషులు ఎంచి ఎంచి నిలబెట్టుకున్నవి. తోతాపురి, నీలం, బంగినపల్లి ఎలాగో ఇవీ అలాగే. మామిడికి రకం అంటాం కాబట్టి తికమక రాదు, ఆవుకు జాతి అంటాం కాబట్టి వస్తుంది. జీవశాస్త్రం పుస్తకంలో జాతి అంటే అంతకన్నా పెద్ద గీత. పుంగనూరు, ఒంగోలు రెండూ ఆ గీతకు ఒకే పక్కన ఉంటాయి.

ఇక పలమనేరు అక్క అడిగింది అసలైన ప్రశ్న. జెర్సీకీ మన ఆవుకీ రెండు పేర్లు పెట్టింది స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్, 1758లో. మూపురం లేనిది టారస్, మూపురం ఉన్నది ఇండికస్. పైకి కనిపించే రూపాన్ని బట్టి పేరు పెట్టడమే అప్పటి పద్ధతి. ఇప్పుడు చాలామంది ఈ రెండింటినీ ఒకే జాతిలోని రెండు ఉపజాతులుగా లెక్కిస్తున్నారు. పాత పేర్లు మాత్రం వాడుకలో నిలిచిపోయాయి. మీ పాప చూసింది ఆ పాత పేర్లే.

అయినా అది ఉత్త పేర్ల గొడవ కాదు. ఈ రెండింటి మూలం అరాక్స్ అనే అడవి ఆవు. దాని చివరిది 1627లో పోలెండ్‌లో చనిపోయింది. అరాక్స్‌లో పడమటి ఆసియా మందలు, మన వైపు మందలు లక్షల ఏళ్ళ కిందటే విడిపోయాయి. తర్వాత మనుషులు వాటిని విడివిడిగానే మచ్చిక చేసుకున్నారు. పడమటి ఆసియాలో సుమారు 10,000 ఏళ్ళ కిందట, సింధు నది వైపు సుమారు 8,000 ఏళ్ళ కిందట. బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్ తవ్వకాల్లో మన మూపురపు ఆవుల ఆనవాళ్ళు దొరికాయి. ఇంత కాలం దూరంగా ఉన్నాయి కాబట్టే మన ఆవు ఎండకు ఆగుతుంది, పిడుదులకు ఆగుతుంది, గంగడోలు వేలాడుతుంది. జెర్సీ ఏప్రిల్ వస్తే రొప్పుతుంది.

ఇప్పుడు లోపలి సంగతి. రెండింటికీ క్రోమోజోములు, అంటే కణంలో జన్యువులను మోసే పోగులు, 60. జతలు సరిపోతాయి, అందుకే లచ్చి మూడు ఈతలు ఈనింది. ఒక్క తేడా ఉంది. మగవాటిలో ఉండే వై క్రోమోజోము ఆకారం రెండింటిలో వేరుగా ఉంటుంది. సూక్ష్మదర్శినిలో ఆ ఒక్కదాన్ని చూసే కోడె తండ్రి వైపు ఎటుదో చెప్పేయొచ్చు. గేదెతో పోల్చండి. మన గేదెకు 50. ఆవును, గేదెను ఒకే కొట్టంలో ఇరవై ఏళ్ళు కట్టేసినా దూడ పుట్టదు. గుర్రానికి 64, గాడిదకు 62, కంచర గాడిదకు 63. బేసి సంఖ్య, జత కుదరదు.

ఈ రెండింటికీ మధ్యలో ఉండేది జడల బర్రె. హిమాలయాల్లో దాన్ని ఆవుతో కలుపుతారు. పుట్టిన ఆడది చక్కగా ఈనుతుంది, మగది మాత్రం గొడ్డుపోతుంది. రెండు జాతులు కలిసి పుట్టిన పిల్లల్లో ఒక్క లింగమే గొడ్డుపోయిందంటే, అది రెండు రకాల లింగ క్రోమోజోములు మోసేదే అవుతుందని బ్రిటిష్ శాస్త్రవేత్త హాల్డేన్ 1922లో గమనించాడు. పాలిచ్చే జంతువుల్లో అది మగది. ఈ హాల్డేనే తర్వాత మన దేశానికి వచ్చి, పౌరసత్వం తీసుకుని, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. మన పిఠాపురం జన్యుశాస్త్రవేత్త ద్రోణంరాజు కృష్ణారావు గారు ఆయన శిష్యుడే.

కాబట్టి పాపకు ఇలా చెప్పండి. పుంగనూరు, ఒంగోలు అసలు విడిపోలేదు. జెర్సీ, దేశవాళీ విడిపోతూ విడిపోతూ సగం దారిలో ఉండగా మనం మళ్ళీ కలిపాం. ఆవు, జడల బర్రె ఇంకా ముందుకెళ్ళాయి. ఆవు, గేదె పూర్తిగా వేరైపోయాయి.

ఒక మాట, మందలించడం కాదు. పుంగనూరు ఆవుకు జెర్సీ సూది మళ్ళీ వేయించకండి. చిన్న తల్లికి పెద్ద దూడ ప్రాణం మీదికి తెస్తుంది. పైగా పుంగనూరు ఇంతగా తగ్గిపోవడానికి ఈ క్రాసింగే పెద్ద కారణం. మీ పలమనేరులోనే పశు పరిశోధన కేంద్రం ఈ ఆవులను కాపాడుతోంది, ఒకసారి వెళ్ళి కలవండి.

జువాలజీ_మాస్టారు_తిరుపతి:

అమ్మా, నేను తిరుపతిలో ముప్పై ఏళ్ళు జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మీ పాప అడిగిన ప్రశ్న ప్రతి ఏడూ ఎవరో ఒక పిల్ల అడిగేది. పరీక్షకు రాదని నేను ఎవరికీ చెప్పలేదు, ఎందుకంటే డార్విన్ 1859లో పుస్తకం రాసినప్పుడు ఆయన్ను పట్టుకున్నదీ ఇదే ప్రశ్న. రకానికీ జాతికీ మధ్య గట్టి గీత గీయలేమని ఆయన అందులో ఒప్పుకున్నాడు.

పుస్తకంలోని నిర్వచనం జీవశాస్త్రవేత్త ఎర్నెస్ట్ మేయర్ 1942లో ఇచ్చింది. దాన్ని కుదించి రాయడంలో ఒక ముఖ్యమైన ముక్క పోతుంటుంది. కొట్టంలో కట్టేసి కలిపితే పిల్లలు పుడతాయా అన్నది కాదు ఆయన అడిగింది. ప్రకృతిలో వాటంతట అవి కలుస్తున్నాయా, లేక వేరుగా నిలబడుతున్నాయా అన్నది. వేరుగా నిలబెట్టే అడ్డాలు చాలా ఉంటాయి. ఒకటి వానలకు జతకడితే ఇంకోటి చలికి జతకడుతుంది. ఒకటి పగలు, ఇంకోటి రాత్రి. కప్పల్లో మగదాని అరుపు తేడాగా ఉంటే ఆడది దగ్గరికే రాదు. అంతా సరిపోయి కలిసినా పిండం నిలవకపోవచ్చు, నిలిచినా పుట్టింది గొడ్డుపోవచ్చు. కంచర గాడిద ఈ అడ్డాల్లో చివరిది మాత్రమే. పిల్లలకు ఆ ఒక్కటే చెప్పి వదిలేస్తున్నాం, నాకు అదే బాధ.

ఈ నిర్వచనం కూడా అన్నిచోట్లా పనిచేయదు. మన కొండ మీదే చూపిస్తాను. చక్రతీర్థం వైపు, తలకోన వైపు రాతి చీలికల్లో బంగారు బల్లి ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. చీకటి పడ్డాక, నీళ్ళు కారే బండ కింద టార్చి వేస్తే, పసుపు కొమ్ము రంగులో, జానెడు పొడవు, వేళ్ళ చివర గుండ్రటి మెత్తలు అతికించినట్టుంది. పైన బండ పైకప్పుకు దాని గుడ్లు తెల్ల బొత్తాముల్లా గుంపులు గుంపులుగా అంటుకుని ఉన్నాయి. ఎన్నో ఆడబల్లులు ఒకే బండకు తెచ్చి అతికిస్తాయి. 1870లో బెడోమ్ అనే ఆంగ్లేయ అధికారి దీన్ని మన తిరుపతి కొండల నుంచే లోకానికి చెప్పాడు. ఈ ప్రజాతిలో, అంటే దగ్గరి చుట్టాలైన జాతుల గుంపులో, ప్రపంచం మొత్తం మీద రెండే జాతులు. ఒకటి మన తూర్పు కనుమల్లో. రెండోది శ్రీలంకలో, దానికి 1953లో పేరు పెట్టారు.

మధ్యలో సముద్రం. మంచుయుగాల్లో సముద్ర మట్టం దిగినప్పుడల్లా మన్నారు వైపు నేల తేలి, మనకూ శ్రీలంకకూ దారి ఏర్పడేది. కానీ ఈ బల్లికి రాతి చీలిక కావాలి, బయలు నేల మీద నడిచి పోదు. కాబట్టి దానికి సముద్రం ఎంత గోడో, మధ్యనున్న మైదానమూ అంతే గోడ అని నా ఆలోచన. ఇప్పుడు చెప్పండి, ఈ రెండూ ప్రకృతిలో కలుస్తాయా? కలిసే అవకాశమే లేదు. మేయర్ ప్రశ్నకు అక్కడ జవాబు రాదు. అందుకే పొలుసుల అమరిక చూస్తారు, ఎముకలు చూస్తారు, ఇప్పుడు డీఎన్‌ఏ చూసి ఎంత కాలం కింద విడిపోయాయో లెక్క కడతారు. శిలాజాలకూ, జత అవసరం లేకుండా చీలిపోయే బాక్టీరియాకూ ఇంకో పద్ధతి కావాలి. జాతికి ఇరవైకి పైగా నిర్వచనాలున్నాయంటే కారణం ఇదే.

ఇక మీ రెండో సందేహం. తల్లి ఒక జాతి, బిడ్డ ఇంకో జాతి అయ్యే రోజు రాదమ్మా. మీది సరిహద్దు ఊరు కాబట్టి ఇలా చెబుతాను. తెలుగూ తమిళమూ ఒకప్పుడు ఒకే భాష. పాలు, పాల్. కన్ను, కణ్. మనకు ఆవు, పాత తమిళంలో ఆ. అయితే ఏ తల్లీ తన బిడ్డకు అర్థం కాని భాష మాట్లాడలేదు. ప్రతి ఇంట్లోనూ తల్లీ బిడ్డా ఒకే భాష మాట్లాడుకున్నారు. రెండు గుంపులు దూరంగా బతికాయి, ఒక్కో మాటా జారింది. వందల తరాల తర్వాత ఎదురుపడితే ఒకరి మాట ఒకరికి అందలేదు. ఏ రోజు విడిపోయిందని అడిగితే ఆ రోజు చూపించలేం. విడిపోయిన మాట మాత్రం ఎవరూ కాదనలేరు.

దూరంగా ఉన్నంత మాత్రాన సంతానం ఎందుకు ఆగాలి అని మీ పాప తప్పకుండా అడుగుతుంది. బోరుకు దింపే పైపులు చూశారు కదా. అన్నదమ్ములు వేరుపడ్డారనుకోండి. అన్న తన పైపులకు సన్న మరలు పెట్టించి, కాలర్లు కూడా దానికి తగ్గవే తెచ్చుకున్నాడు. తమ్ముడు పాత పైపులే ఉంచుకుని పొడవు మార్చుకున్నాడు. ఎవరి బోరు వాళ్ళకు బాగానే పోస్తుంది. అన్న పైపులు సగం, తమ్ముడి కాలర్లు సగం కలిపి మూడో బోరుకు దింపితే నీళ్ళు రావు. జన్యువులూ అంతే. ఒక్కో గుంపులో వచ్చిన మార్పు ఆ గుంపులో మిగతా జన్యువులతో సర్దుకుని నిలుస్తుంది, అవతలి గుంపు మార్పుతో మాత్రం ఎప్పుడూ ముఖాముఖి పడలేదు. కలిసిన బిడ్డలోనే తొలిసారి ఎదురుపడతాయి, అక్కడ తేడా వస్తుంది. డాబ్జాన్‌స్కీ, ముల్లర్ అనే జన్యుశాస్త్రవేత్తలు 1930, 40లలో ఈ సంగతి విడమరిచి చెప్పారు.

పలమనేరు_పాడి:

సార్, డాక్టరు గారూ, మీ ఇద్దరికీ దండాలు. రాత్రి పాపకు ఫోన్ చేసి మొత్తం చదివి వినిపించాను. భాష మాట మా ఇంట్లో అందరికీ ఎక్కింది. మా అత్తగారు తమిళనాడులోని గుడియాత్తం వాళ్ళు, ఆవును ఇప్పటికీ మాడు అనే అంటుంది. నేను వచ్చిన కొత్తలో ఆమె సగం మాటలు నాకు అర్థమయ్యేవి, సగం అయ్యేవి కావు. లచ్చి కథ కూడా అలాంటిదేనన్నమాట అనుకున్నాను.

పాప ఇంకోటి అడగమంది. ఎప్పుడూ ఇలా లక్షల ఏళ్ళు పట్టాల్సిందేనా? చూస్తుండగా కొత్త జాతి పుట్టడం ఉండదా?

డాక్టరు గారూ, మా నాయనిచ్చిన ఆవు ఇంకా ఉంది, ముసలిదైంది, ఇక ఈనదు. ఆ సూది వేయించినందుకు ఇప్పుడు మనసు కలుక్కుమంటోంది. అప్పుడు మాకు చెప్పినవాళ్ళు లేరు.

శనక్కాయ_చేను:

అక్కా, మాది పీలేరు వైపు, అగ్రికల్చర్ ఎమ్మెస్సీ చదువుతున్నాను. మీ పాప ప్రశ్నకు జవాబు మన చేలల్లోనే ఉంది. శనక్కాయ, అదే వేరుశనగ.

దక్షిణ అమెరికాలో, బొలీవియా, అర్జెంటీనా సరిహద్దుల్లో రెండు అడవి వేరుశనగ మొక్కలున్నాయి. ఒకటి అరాకిస్ డ్యురానెన్సిస్, ఇంకోటి అరాకిస్ ఇపాయెన్సిస్. రెండింటికీ క్రోమోజోములు ఇరవయ్యేసి. ఇపాయెన్సిస్ తన దగ్గరి చుట్టాలకు చాలా దూరంగా ఒక్కచోటే కనిపించింది, కాబట్టి పాతకాలపు మనుషులే దాన్ని అక్కడికి మోసుకెళ్ళి ఉంటారని శాస్త్రవేత్తల అంచనా. గత పది వేల ఏళ్ళలోనే ఎప్పుడో ఒక తేనెటీగ దీని పుప్పొడి దానికి అంటించింది. మొలిచిన మొక్కకు తల్లి నుంచి పది, తండ్రి నుంచి పది వచ్చాయి. అవి జతపడవు. కంచర గాడిద బాధే దీనికీ రావాలి, కాయ పట్టకూడదు.

కానీ మొక్కల్లో ఒక్కోసారి కణం విడిపోయేటప్పుడు పొరపాటు జరిగి క్రోమోజోములన్నీ రెట్టింపవుతాయి. ఇరవై కాస్తా నలభై. ఇప్పుడు ప్రతిదానికీ తన జత తనకు దొరికింది. పువ్వు పూసింది, ఊడ దిగింది, కాయ కట్టింది. ఆ మొక్క తన కన్నవాటితో మళ్ళీ కలిస్తే పిల్లకు ముప్పై వస్తాయి, అది గొడ్డు. అంటే పుట్టిన తరంలోనే అమ్మానాన్నల నుంచి వేరుపడిన కొత్త జాతి అది. మాస్టారు గారు చెప్పినట్టు తల్లీ బిడ్డా వేరే జాతి అయ్యే రోజు జంతువుల్లో దాదాపు రాదు గానీ, మొక్కల్లో ఇలా వస్తుంది. 2016లో ఆ రెండు అడవి మొక్కల జన్యుపటం బయటపెట్టారు. మనం పండించే శనక్కాయలో ఒక సగం ఇపాయెన్సిస్‌తో దాదాపు అక్షరం పొల్లుపోకుండా సరిపోయింది.

నేను స్వయంగా చూశాను. విత్తనం మొలకెత్తించి, తెల్లటి వేరు కొన గోరంత కోసి, రంగు పట్టించి, గాజు పలక మీద బొటనవేలితో నలిపి సూక్ష్మదర్శిని కింద పెట్టాలి. మొదటి పది పలకలూ చెడిపోయాయి. పదకొండో దానిలో ఎర్రటి చుక్కలు విడివిడిగా కనిపించాయి. లెక్కపెట్టాను, నలభై. అందులో ఒక జత మిగతావాటి కన్నా బాగా పొట్టిది, అది డ్యురానెన్సిస్ వైపు నుంచి వచ్చిన జత. మా నాయన ప్రతి ఏడూ విత్తే కాయలో ఆ రెండు అడవి మొక్కలు ఇంకా విడివిడిగా కూర్చునున్నాయని ఆ రోజు తెలిసింది.

ఇది రైతుకు పనికొచ్చే సంగతి కూడా. ఆకుమచ్చ, తుప్పు తెగుళ్ళను తట్టుకునే గుణం అడవి వేరుశనగల్లో ఉంది. కానీ నలభై, ఇరవై కలిస్తే ముప్పై అవుతుంది కాబట్టి ఆ గుణాన్ని మన కాయలోకి తేవడానికి ఏళ్ళు పడుతుంది. అరాకిస్ కార్డెనాసి అనే అడవి మొక్క నుంచి అలా కష్టపడి తెచ్చారు, దాన్ని వాడి తెగుళ్ళకు ఆగే రకాలు తయారయ్యాయి.

జువాలజీ_మాస్టారు_తిరుపతి:

చాలా బాగా చెప్పావు నాయనా. నా మాట కూడా సరిదిద్దావు, నేను జంతువుల వైపు నుంచే చెప్పాను.

అమ్మా, పరీక్షలో మాత్రం పాపను పుస్తకంలో ఉన్న నిర్వచనమే ముందు రాయమనండి. దాని కింద లచ్చి గురించి రెండు వాక్యాలు, శనక్కాయ గురించి రెండు వాక్యాలు రాయమనండి. దిద్దేవాళ్ళు ఎవరైనా ఒక్క నిమిషం ఆగి చదువుతారు.

పలమనేరు_పాడి:

చెప్పాను సార్. రాస్తానంది. శనక్కాయ సంగతి వినగానే హాస్టల్లో పల్లీ చట్నీ తింటూ లెక్కపెట్టానంది, పిచ్చిపిల్ల.

ఇంకా, దూడకు మూపురం ఉందా లేదా చూసి చెప్పమ్మా అని అడిగింది. ఇప్పుడే కొట్టంలోకి వెళ్ళి చూశాను. కంటికి ఆనడం లేదు. మెడ వెనక చెయ్యి పెట్టి మెల్లగా రుద్దితే, అరచేతి కింద చిన్న మెత్తటి ఎత్తు తగిలింది. పక్కనే మా నాయన ఆవు పడుకునుంది. దాని మూపురం మీద ఒక చెయ్యి, దీని మెడ మీద ఒక చెయ్యి పెట్టి, మా ఆయనతో ఫోటో తీయించి పాపకు పంపాను.